చీరాల నుంచి చిత్తూరుకి, తోసుకుంటూ

చీరాల నుంచి చిత్తూరు వెళ్లాలంటే తిరుపతి దాకా హాయిగా రైలుంది, అక్కణ్ణించి గంటకో బస్సుంది. మేము మా కారులో వెళ్లాం. కొంత దూరం అది మమ్మల్ని తీసుకెళ్లింది, కొంత దూరం మేమే దాన్ని తీసుకెళ్లాం. ఆ నాలుగు రోజుల సంగతి అటువైపు ఎప్పుడూ వెళ్లని వాళ్ల కోసం రాస్తున్నాను. నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి, మా ఆవిడ అనసూయ ఇంకా నవ్వుతూనే ఉంది.

అసలు ఎందుకు బయల్దేరామో ముందు చెప్పాలి. మా అమ్మాయి హరిత పశువుల డాక్టరు. మొదటి ఉద్యోగం. చిత్తూరులో ఒక గది అద్దెకు తీసుకుంది, ఆసుపత్రి మాత్రం పలమనేరు వైపు, అడవి అంచున ఒక పల్లెలో. సోమవారం చేరాలి. ఆ దారిలో అప్పుడప్పుడూ ఏనుగులు దిగుతాయని విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. అదేమో స్కూటర్ మీద తిరుగుతానంటుంది. "మన కారు తీసుకో, బంగారం లాంటి బండి" అన్నాను.

"నాన్నా, దానికి పద్దెనిమిదేళ్లు. ఏ పల్లెలోనో ఆవు ఈనలేక అల్లాడుతుంటే నేను కారు తోయించుకుంటూ కూర్చోలేను. ఆ అడవి దారిలో ఆగిందంటే తోసే దిక్కు కూడా ఉండదు" అంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆదివారం సాయంత్రం లోపు కారు చిత్తూరు చేరాలి. హరిత కళ్ల ముందు మూడుసార్లు ఆపి, మూడుసార్లు తాళంతోనే స్టార్ట్ చెయ్యాలి. ఒక్కసారి మొరాయించినా నేను బండి వెనక్కి తీసుకుపోవాలి, అది సోమవారం స్కూటరెక్కుతుంది. నేను సరేనన్నాను. దసరాకి ఆయుధ పూజ కూడా ఈసారి రెట్టింపు శ్రద్ధతో చేశాను, ఇంక ఈ కారుకి ఏమవుతుంది అనుకున్నాను.

ఇంకో మాట కూడా ఇప్పుడే ఒప్పేసుకుంటాను. నేను ముప్పయ్యొక్కేళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పాను. పదో తరగతికి విద్యుత్తు పాఠం నేను చెప్తే బెంచీలు కూడా వింటాయని పేరు.

గూడూరు, నిమ్మకాయలు

గురువారం పొద్దున్నే బయల్దేరి ఎండ నెత్తికెక్కే వేళకి గూడూరు చేరాం. గూడూరంటే నిమ్మకాయలు. మా చీరాలలో నిమ్మకాయని చేత్తో నొక్కి, వాసన చూసి, బేరమాడి పదికి మూడు కొంటాం. ఇక్కడ బస్తాల్లో తప్ప మాట్లాడరు. అనసూయ రెండు డజన్లు అడిగేసరికి కొట్టాయన ఆవిణ్ణి చిన్నపిల్లని చూసినట్టు చూసి, కొసరుతో కలిపి ముప్పయ్యో ఎన్నో సంచిలో పోసేశాడు.

పక్కనే నిమ్మసోడా. చక్కెర వెయ్యమన్నాను.

"చక్కెర యాల సామీ? చక్కెర తినాలంటే లడ్డు తినండి. నిమ్మకాయకి ఉప్పే మర్యాద" అన్నాడు సోడా ఆయన, నా జవాబు కోసం ఆగకుండా ఉప్పు వేసేస్తూ. తాగి చూస్తే ఆయన మాటే నిజం.

ఆ మర్యాద పుచ్చుకుని వచ్చి కారెక్కి తాళం తిప్పాను. ఇంజను తిరగలేదు. లోపలెక్కడో "టక్" మంది, అంతే. మళ్లీ తిప్పితే మళ్లీ "టక్". నాలుగు అడుగుల దూరంలోనే బ్యాటరీల కొట్టుంది. కొట్టులోని ఆయన వచ్చి బానెట్ ఎత్తి, ఒక్క చూపు చూసి, "సామీ, బ్యాటరీ పోయింది" అన్నాడు. రెండేళ్లే అయిందయ్యా అన్నాను. "రెండేళ్లు బతికింది గదా, ఇంకేం కావాలి దానికి?" అన్నాడు. కొత్త బ్యాటరీ పెట్టించాను. ఒక్క తిప్పుకే ఇంజను గర్జించింది.

"చూశావా, రోగం చిన్నది" అన్నాను అనసూయతో.

"నేనేమీ అనలేదే" అంది. మా ఆవిడ ఏమీ అనలేదంటే చాలా అనుకుందని అర్థం.

సూళ్లూరుపేట, కేక పెట్టిన బెల్టు

ఆ సాయంత్రం తిరుపతి దారి వదిలి సూళ్లూరుపేట వెళ్లాం. నాతో పనిచేసిన లెక్కల మాస్టారు రిటైరయ్యాక అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, రాకపోతే ఊరుకోడు. మనం బాపట్ల వెళ్లొచ్చినట్టు అక్కడి వాళ్లు లోకల్ రైలెక్కి చెన్నై వెళ్లొస్తారు. తెలుగులో మొదలెట్టిన వాక్యం అరవంలో ముగిస్తారు. రాకెట్ ఎగిరే రోజున పొరుగింటావిడ ముందు అదురుకి పడిపోకుండా అటక మీది గాజు సీసాలు దింపి, ఆ తర్వాత మేడెక్కుతుందట. అన్నేళ్ల అలవాటు. నాకు ఆవిడ పద్ధతి చాలా నచ్చింది. ఆకాశం వంక చూడబోయే ముందు ఇంట్లో సీసాలు చూసుకోవాలి.

శుక్రవారం పొద్దున కొత్త బ్యాటరీ కూడా "టక్" అంది.

లెక్కల మాస్టారికి నమ్మకమైన మెకానిక్ ఒకాయన వచ్చాడు. ఇంజను తిరుగుతుంటే దాని బలంతో కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపే యంత్రం ఒకటుంటుంది, ఆల్టర్నేటరు. దాన్ని తిప్పే బెల్టు వదులుగా ఉందన్నాడు. బిగించాడు. ఎంత బిగించాడంటే, బండిని తోసి స్టార్ట్ చెయ్యగానే బెల్టు కేక పెట్టింది. వీధిలో కుక్క లేచి నిలబడింది.

"కొత్తల్లో అట్లే అరుస్తాది, సర్దుకుంటాది" అన్నాడాయన. వెనక్కి నాయుడుపేట వచ్చి శ్రీకాళహస్తి దారి పట్టాం. సర్దుకున్నది బెల్టు కాదు, మా చెవులు.

శ్రీకాళహస్తి, వంతులవారీ భోజనం

శ్రీకాళహస్తిలో నాకు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఆపితే కదా స్టార్టవకపోవడం? అసలు ఆపకుండా ఉంటే సరి. హోటలు ముందు ఇంజను నడుస్తుండగా నేను కారులో కూర్చున్నాను, అనసూయ వెళ్లి భోంచేసింది. తర్వాత ఆవిడ కూర్చుంది, నేను భోంచేశాను. ముప్పయ్యేళ్ల కాపురంలో మేము వేరువేరుగా భోంచేసిన యాత్ర ఇదొక్కటే. హోటల్లో వడ్డించే ఆయన నన్ను చూసి, "ఇందాక ఒకమ్మ గూడా ఇట్లే బిరబిరా తిని పోయింది సార్, ఏమన్నా పందెమా?" అని అడిగాడు.

ఒక్క విషయం మాత్రం నా బుర్రని తొలుస్తూనే ఉంది. బ్యాటరీకి కరెంటు అందకపోతే స్టీరింగ్ వెనకాల ఒక చిన్న ఎర్ర దీపం వెలగాలి. ఇన్ని అవస్థల్లోనూ అది ఒక్కసారి కూడా వెలగలేదు. దీపం కూడా చెడిపోయిందేమోలే అని సరిపెట్టుకున్నాను. చెడ్డ విద్యార్థి లక్షణం ఇదే. జవాబు సరిపోకపోతే ప్రశ్నలో తప్పుందంటాడు.

తిరుపతి, గోవిందా

శుక్రవారం రాత్రి తిరుపతిలో బస. అక్కడైనా ఇంజను ఆపక తప్పదు కదా. శనివారం పొద్దున లాడ్జి ముందు మళ్లీ అదే కథ. దిగి అటూ ఇటూ చూస్తున్నాను.

మా ఊళ్లో కారు తొయ్యమంటే ముందు అయిదుగురు చేరి ఆరు సలహాలిస్తారు. పెట్రోలుందా అంటారు, పోయినేడాది తమ తోడల్లుడి కారుకీ ఇలాగే అయిందంటారు, ఆ తర్వాత చెయ్యి వేస్తారు. ఇక్కడ అప్పుడే కొండ దిగి వస్తున్న ఒక కుటుంబం, ముసలాయన నుంచి మనవరాలి దాకా అందరూ గుండ్లే, గుండ్లకి గంధం, నేను నోరు తెరవకముందే చెప్పులు పక్కన విడిచి కారు వెనకాల చేరిపోయారు. "ఏడుకొండలవాడా!" అని ముసలాయన అందుకున్నాడు. "గోవిందా!" అని ఎనిమిది గుండ్లూ తోశాయి. రెండో గోవిందకి బండి అందుకుంది. దండం పెట్టడానికి ఆపుదామంటే ఆపలేను. కిటికీలోంచి చెయ్యూపుతూ పోయాను. అనసూయ వెనకాల సంచి పట్టుకుని పరిగెత్తింది.

తిన్నగా ఒక పెద్ద మెకానిక్ షాపుకి వెళ్లాం. అక్కడాయన వినీ వినకముందే ఆల్టర్నేటరు తీసేశాడు. లోపల ఏవో అరిగాయని మార్చాడు, బ్యాటరీకి బయట నుంచి ఛార్జింగ్ పెట్టాడు. మధ్యాహ్నం దాటింది. ఈలోపు మేము దొప్పల్లో మిరియాల పొంగలి తిన్నాం, పక్కన సాంబారు పోస్తారు. మా వైపు పొంగలంటే బెల్లం పొంగలే, అనసూయ మొదటి ముద్దకే ఉలిక్కిపడింది. మూడో ముద్దకి ఇంకో దొప్ప చెప్పింది.

సాయంత్రం కారు మూడుసార్లు ఆపి మూడుసార్లు స్టార్ట్ చేశాను. పరీక్ష పాసయినంత సంబరమైంది. వెంటనే హరితకి ఫోన్ చేశాను. "బండి బ్రహ్మాండంగా నడుస్తోందమ్మా, దారిలో ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు" అన్నాను.

ఫోన్ పెట్టాక అనసూయ నా వైపే చూస్తూ కూర్చుంది.

"ఏం?" అన్నాను.

"ఆ గుండ్లవాళ్లు వినుంటే ఏమనుకునేవాళ్లు?" అంది. "మీ మాట నెగ్గడానికి దాన్ని ఏనుగుల దారిలోకి పంపుతారా?"

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ఆ రాత్రి మంచం మీద దొర్లుతూ ఒక నిర్ణయానికి వచ్చాను. రేపు దారిలో ఇంకొక్కసారి "టక్" అందంటే కారు ఇవ్వను, ఉన్న నిజమంతా చెప్పేస్తాను.

పూతలపట్టు, గోడ మీద సుద్దముక్క

ఆదివారం పొద్దున బండి కాస్త బద్ధకంగానే అయినా స్టార్టయింది. కొండలు పక్కన పరిగెడుతుంటే, మామిడి తోటలు దాటుకుంటూ, పాటలు కూడా పెట్టుకున్నాం. పూతలపట్టు కూడలిలో ఒక గొర్రెల మంద అడ్డొచ్చింది. కంగారులో క్లచ్చు వదిలేశాను. ఇంజను ఆగిపోయింది. తాళం తిప్పాను.

"టక్."

అనసూయ ముందుకు వంగింది. పాటలు కట్టేసింది.

కూడలి పక్కనే ఒక రేకుల షెడ్డు, నల్లరంగు పూసిన గోడ. బండ్ల కరెంటు పనులు మాత్రమే చేసే ఆయనదట. పేరు మునిరత్నం, యాభై పైబడి ఉంటాయి. ఆదివారం, షెడ్డు మూసే వేళ. మా అవస్థ చూసి ఆయనే వచ్చి, గొర్రెలాయన సాయంతో కారుని నీడకి తోశాడు. నేను గబగబా బానెట్ ఎత్తబోయాను.

"ముందు కూసోండి సార్. బండి యాడికీ పోదులే" అన్నాడు.

బెంచీ చూపించాడు, నీళ్లిచ్చాడు. ఆ తర్వాత డాక్టరు అడిగినట్టు అడగడం మొదలెట్టాడు. ఎప్పట్నించి? మొదట యాడ నిలిచిపోయింది? దానికి ముందు ఎవురన్నా చెయ్యి పెట్టినారా? నేను గూడూరు నుంచి గోవిందల దాకా అంతా చెప్పాను.

"నడిచేటప్పుడు ఎర్ర లైటు ఎలిగిందా?"

"లేదు."

"ఒక్కతూరి గూడా?"

"ఒక్కసారి కూడా లేదు."

"అట్లయితే ఆల్టర్నేటరు మంచిదే గదా సార్. పాపం, దాన్ని ఏంటికి ఊడబీకించినారు?"

మూడు ఊళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. నేను వేసుకుని కూడా పక్కన పెట్టేసిన ప్రశ్న.

తన దగ్గరున్న బ్యాటరీ తెచ్చి, నల్ల తీగని మా బ్యాటరీకి కాకుండా నేరుగా ఇంజను లోహానికి తగిలించి, తాళం తిప్పమన్నాడు. ఇంజను ఒక్క ఊపులో లేచింది. తన తీగలు తీసేశాడు, ఇంజను నడుస్తూనే ఉంది. అప్పుడు మీటరు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మీరు అయివార్లంట గదా. నేను తీగలు ఆనిస్తాను, మీరే సదవండి."

ఆ వైపు టీచర్లని అయివార్లంటారు. నేను బుద్ధిగా చదివాను. ఆల్టర్నేటరు దగ్గర పద్నాలుగూ పాయింటు రెండు వోల్టులు. ఆయన నల్లగోడ మీద సుద్దముక్కతో రాశాడు. బ్యాటరీ దగ్గర పన్నెండూ పాయింటు ఆరు. దాని కింద రాశాడు.

"పుట్టింది పద్నాలుగూ రెండు, ఇల్లు చేరింది పన్నెండూ ఆరు. నడాన ఒకటీ ఆరు మింగినోడు ఎవుడో ఉండాడు. వాణ్ణి పట్టాల."

"ఒక్కొక్కటీ విప్పి చూస్తే తెలుస్తుందిగా" అన్నాను.

"మీటరు చెప్పేదాకా స్పానరు ముట్టగూడదు సార్. మా గురువు పెట్టిన కట్టు అది. ఇప్పినామంటే దొంగ పారిపోతాడు. ఇప్పిందీ బిగించిందీ కలిసి రెండు రోజులు బాగుంటాది, మూడోనాడు మళ్లీ మొదలు."

ఎర్ర తీగ దారంతా చూశాం. ఈ కొస నుంచి ఆ కొసకి పోయింది పాయింటు ఒకటే. అంటే ఆ దారిలో దొంగ లేడు. ఇక మిగిలింది తిరుగు దారి. కారులో కరెంటు తీగలో వెళ్లి బండి లోహపు ఒంట్లోంచి తిరిగొస్తుంది. ఇంజను నుంచి బండి ఒంటికి పాయింటు ఒకటి. బండి ఒంటి నుంచి, బ్యాటరీ నల్ల తీగ కొసన ఉండే రింగుకి, ఒకటీ పాయింటు నాలుగు.

చదివాను. పాయింటు ఒకటీ, పాయింటు ఒకటీ, ఒకటీ పాయింటు నాలుగూ కలిపితే ఒకటీ ఆరు, లెక్క సరిపోయింది. నల్లబల్ల మీద ముప్పయ్యొక్కేళ్లు నేను వేసిన లెక్కే. కానీ నా చూపు అప్పటికే అంకెల మీద లేదు. ఆయన వేలి కింద ఉన్న బోల్టు మీద ఉంది.

ఆ బోల్టు నాకు బాగా తెలుసు. కారు కొన్న ఏడాది హరితకి ఆరేళ్లు. ఆయుధ పూజకి నేను దాన్ని నడుం పట్టుకుని ఎత్తితే, బానెట్ లోకి తొంగిచూసి, తళతళలాడుతున్న ఆ బోల్టు చూపించి, "నాన్నా, ఇది కారు ముక్కుపుడక" అని దాని మీద బొట్టు పెట్టింది. అప్పట్నుంచి ప్రతి దసరాకీ బొట్టు అక్కడే. ఎత్తే పని తప్పింది కానీ బొట్టు తప్పలేదు. ఈ దసరాకి హరిత రాలేకపోయింది. కారు దానికే ఇవ్వబోతున్నాం. బోల్టు పైన పెడితే ప్రయాణంలో చెరిగిపోతుందని నేనేం చేశానంటే, ఇంజను ఆపి, బోల్టు విప్పి, రింగు పక్కకి తీసి, కింద లోహమంతా శుభ్రంగా తుడిచి, అనసూయ కలిపిచ్చిన పసుపూ గంధం ముద్ద దట్టంగా పూసి, నడుమ కుంకుమ పెట్టి, దాని మీద రింగు పెట్టి బోల్టు బిగించేశాను. మా అమ్మాయిని కాపాడే బొట్టు ఎప్పటికీ చెక్కుచెదరకూడదు అనుకున్నాను.

మునిరత్నం ఇంజను ఆపి, ఇప్పుడు స్పానరు పట్టుకున్నాడు. బోల్టు ఊడింది, రింగు లేచింది. కింద ఎర్రగా, పచ్చగా, ఎండిన వడియంలా అతుక్కుని ఉంది. ఆయన వేలితో గీకి వాసన చూశాడు.

"ఏంది సార్ ఇది, గంధం వాసన వస్తా ఉండాదే!"

అనసూయ వంగి చూసింది. "ఏమండీ, ఇది మన పసుపు. నేను కలిపిచ్చిందే" అంది.

దాచేందుకేముంది, చెప్పాను. తడిగా ఉన్నంత వరకూ కరెంటుని కాస్తో కూస్తో పోనిచ్చింది, చీరాల నుంచి వచ్చే వేడికి ఎండి గోడ కట్టింది. ఆల్టర్నేటరు పంపినా బ్యాటరీకి పూర్తిగా చేరదు, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొచ్చినా, కాస్త తగ్గగానే స్టార్టరుకి చాలదు. నా చేత్తో నేనే పెట్టి, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మూడు ఊళ్లలో ముగ్గురి చేత వెతికించాను.

మునిరత్నం నవ్వలేదు. గరుకు కాగితం వెతుక్కుంటూ, "తప్పేం లేదు సార్, పూజ మంచిదే. బొట్టు నుదుట్న పెట్టాల గానీ, కూడు తినే నోట్లో పెడితే ఎట్ల?" అన్నాడు.

ఆ తర్వాత నవ్వాడు. అనసూయ కూడా. నేను సిగ్గుతో నేల చూపులు చూశాను. నిజం చెప్పాలంటే సిగ్గు కంటే భయమే ఎక్కువ వేసింది. ఆ బొట్టుతోనే హరితని అడవి దారిలోకి పంపేవాణ్ణి కదా.

ఆయన గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, రింగు రుద్ది, బోల్టు బిగించాడు. బెల్టు కూడా వదులు చేసి సరిగ్గా బిగించాడు, దాని కేకలు ఆగాయి. స్టార్ట్ చెయ్యమన్నాడు. ఒక్క తిప్పు. బ్యాటరీ దగ్గర మీటరు నేనే చదివాను, పద్నాలుగూ పాయింటు ఒకటి. కేకేసినట్టు చదివాను, గొర్రెలాయన కూడా తిరిగి చూశాడు.

ఈలోపు మునిరత్నం ఇంటావిడ క్యారియరుతో వచ్చింది. మమ్మల్ని వదల్లేదు. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిమిండి, నాటుకోడి పులుసు. మేము వేరుశనగ పచ్చడి అనేదానికి ఊరిమిండి అన్న పేరు రాగానే రుచి రెట్టింపవుతుంది. నేను సంగటి నమలబోతే, "నమలగూడదు సార్, అద్దుకొని మింగాల. చలికాలం రాండి, అనపగింజల పితికిపప్పు చేసి పెడతాము" అంది ఆవిడ. మింగడం అలవాటయ్యేలోగా ముద్ద అయిపోయింది. ఇంకొకటి వేసింది.

ఇన్ని చేసి మునిరత్నం తీసుకున్నది రెండు వందలు. బయల్దేరే ముందు నేను చిన్న గొంతుతో, "ఈ సంగతి మా అమ్మాయికి తెలియక్కర్లేదు" అన్నాను.

"మీ పాప నాకు యాడ కనిపిస్తాది సార్, నేను చెప్పేదానికి?" అన్నాడు ఆయన.

"నేనూ చెప్పను" అంది అనసూయ కారెక్కుతూ. "మీరే చెప్పాలి. చెప్పకపోతే వచ్చే దసరాకి అది ఎక్కడ బొట్టు పెడుతుందో మీకు తెలుసుగా."

చిత్తూరు, ముక్కుపుడక

చిత్తూరు చేరేసరికి ఎండ ఇంకా ఉంది. హరిత వీధిలోనే నిలబడి ఉంది, చేతులు కట్టుకుని, అచ్చం ఇన్విజిలేటర్ లాగా. ఆపమంది, ఆపాను. స్టార్ట్ చెయ్యమంది, చేశాను. మూడుసార్లూ ఒక్క తిప్పుకే లేచింది. నాలుగోసారి తనే కూర్చుని చేసింది. అప్పుడు గానీ నవ్వలేదు.

"నువ్వు చెప్పింది నిజమే నాన్నా. బంగారమే" అంది.

నేను చెప్పేస్తే అయిపోయేది. కానీ నాన్న మాట నిజమైందని దాని ముఖంలో ఉన్న వెలుగు ఇంకాసేపు చూద్దామనిపించింది.

ఇంటి ఓనరు గారావిడ పళ్లెంలో పసుపూ కుంకుమా కర్పూరం పట్టుకొచ్చింది. కొత్త చోట మొదటి రోజు, బండికి పూజ చెయ్యకుండా తియ్యకూడదట. గూడూరు నిమ్మకాయలు నాలుగు చక్రాల కిందా పెట్టాం. హరిత బానెట్ ఎత్తింది. ఉంగరం వేలు కుంకుమలో ముంచింది. ఎక్కడా చూడలేదు, వెతకలేదు. పద్దెనిమిదేళ్ల అలవాటుతో చెయ్యి తిన్నగా ఆ బోల్టు మీదికి వెళ్లింది.

నేను దాని మణికట్టు పట్టుకున్నాను.

"అక్కడ వద్దమ్మా."

"ఏం నాన్నా? ముక్కుపుడక కదా?"

అప్పుడు చెప్పాను. గూడూరు, సూళ్లూరుపేట, గుండ్లు, ఫోన్లో ఆడిన అబద్ధం, ఎండిన పసుపు, అన్నీ. ఓనరు గారావిడ పళ్లెంలో వెలిగించిన కర్పూరం అయిపోయింది, ఆవిడ కూడా వింటూ నిలబడిపోయింది. హరిత ముఖంలో నవ్వు పోయింది. బోల్టు వంక చూసింది. చుట్టూ కొత్తగా రుద్దిన లోహం తళతళలాడుతోంది.

"అబద్ధం మాత్రం చెప్పకు నాన్నా, ఇంకెప్పుడూ. ఆ దారిలో తిరిగేది నేను" అంది.

"చెప్పను" అన్నాను.

రెండో చేత్తో బోల్టు తడిమి చూసి అంది. "ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఆవుకి గాయమైతే రైతులు ముందే గుప్పెడు పసుపు కూరి తెచ్చేవాళ్లు. మేము అదంతా కడిగి మందు వేసేవాళ్లం. మొదట్లో వాళ్ల మీద అరిచేదాన్ని. తర్వాత మానేశాను. ఆవు మీద ప్రేమ లేనివాడు పసుపైనా పూయడు కదా."

"మరి ఇప్పుడు ఈ బొట్టు ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది, కుంకుమ వేలు ఇంకా గాల్లోనే ఉంది.

"నుదుటన పెట్టాలిట. పూతలపట్టు మునిరత్నం గారు చెప్పారు" అంది అనసూయ.

హరిత వెనక్కి తిరిగి, ఆ బొట్టు నా నుదుటన పెట్టింది. తర్వాత ఇంకోసారి వేలు ముంచి బానెట్ పైన పెట్టింది.

తిరుగు దారి, బస్సులో

సోమవారం ఏడు గంటలకల్లా హరిత కారులో వెళ్లిపోయింది. మేము తిరుపతి బస్సెక్కాం. ఎవరూ తొయ్యక్కర్లేని ప్రయాణం మొదట హాయిగానూ, తర్వాత వెలితిగానూ అనిపించింది. పూతలపట్టులో బస్సాగింది. షెడ్డు ఇంకా తెరవలేదు కానీ నల్లగోడ మీద నిన్నటి సుద్ద అంకెలు అలాగే ఉన్నాయి. పద్నాలుగూ రెండు, పన్నెండూ ఆరు. అనసూయకి చూపిస్తుంటే ఫోన్ మోగింది. హరిత.

"నాన్నా, అడవి దగ్గర ఉన్నాను. ఏనుగులేమీ లేవులే. ఇంజను ఆపాను. ఉండు, విను" అంది.

ఎక్కడో ఏదో పిట్ట అరిచింది. తాళం తిరిగిన చప్పుడు, ఆ వెంటనే ఇంజను.

నేను ఫోన్ అనసూయ చెవికి పెట్టాను. అటు హరిత ఇంకోసారి ఆపి, ఇంకోసారి స్టార్ట్ చేసింది.